ఉన్నోళ్ల మీద పన్ను పెంచాలా? నల్గొండలో ఈ ప్రశ్న అడిగే పద్ధతి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. నల్గొండలో కొందరు డిగ్రీ విద్యార్థులు ప్రాజెక్టు పని కోసం బస్టాండు, క్లాక్ టవర్ సెంటర్లలో నిలబడి ‘ధనవంతుల మీద పన్ను పెంచాలా, వద్దా?’ అని అడిగారు. దాదాపు అందరూ పెంచాలనే అన్నారు. ఇప్పుడు అదే సర్వేను జిల్లా అంతటా పకడ్బందీగా చేయాలనుకుంటున్నారు. ఎంతమందిని అడగాలి, ఏమని అడగాలి, వచ్చిన శాతాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

చివరి దానికి ముందు జవాబు చెప్తాను. ఆ శాతాన్ని నమ్మొద్దు. జనం అబద్ధమాడలేదు, మీ ప్రశ్నలోనే సరుకు లేదు. ధనవంతుడంటే ఎవరో అందులో లేదు. ఇప్పుడు ఎంత కడుతున్నాడో, ఇంకెంత కట్టాలో, ఎవరు వసూలు చేస్తారో, ఆ డబ్బు ఎటు పోతుందో ఏదీ లేదు. అట్లా అడిగితే ‘వద్దు’ అనాల్సిన అవసరం ఎవరికొచ్చింది? మీ సర్వే కొలవాల్సింది వేరే ఉంది. పెంచాలన్న మనిషి మనసులో ఉన్న ధనవంతుడు ఒకడు, పన్ను పెంచితే జేబు ఖాళీ అయ్యేవాడు ఇంకొకడు. వీళ్లిద్దరి మధ్య దూరం మన దిక్కు చాలా ఎక్కువ. ఎందుకెక్కువో తెలియాలంటే కొంచెం చట్టం చూడాలి. అది చూడకుండా ప్రశ్నలు రాస్తే మళ్లీ క్లాక్ టవర్ దగ్గరికే వస్తారు.

2025–26 ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఏడాది ఆదాయం 4 లక్షల దాకా పన్ను లేదు. అక్కడి నుంచి ప్రతి నాలుగు లక్షలకూ ఒక మెట్టు: 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షలు దాటిన ప్రతి రూపాయి మీదా 30 శాతం. 12 లక్షల లోపు వాళ్లకు రిబేటు ఉంది కాబట్టి కట్టేది సున్నా. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిసి 12.75 లక్షల దాకా సున్నా. 50 లక్షలు దాటితే వచ్చిన పన్ను మీద 10 శాతం సర్‌చార్జి, కోటి దాటితే 15, రెండు కోట్లు దాటితే 25. అన్నింటి మీదా ఆఖర్న 4 శాతం సెస్సు.

లెక్క కడితే పన్ను పడే ఆదాయం 15 లక్షలున్న మనిషి కట్టేది 1,09,200 రూపాయలు, అంటే నూటికి 7.3. అదే 25 లక్షలైతే 3,43,200, నూటికి 13.7. సరిగ్గా కోటి అయితే 29,51,520, నూటికి 29.5. ఆరు కోట్లయితే నూటికి 38 దాకా పోతుంది. ఈ నాలుగు అంకెలూ మీ సర్వే చేసే పిల్లలకు నోటికి రావాలి, ఎందుకో కింద చెప్తాను. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. 2019 జులై బడ్జెట్‌లో 5 కోట్లు దాటినవాళ్ల మీద సర్‌చార్జి 37 శాతం చేశారు, దాంతో పై రేటు 42.74 శాతానికి పోయింది. 2023 బడ్జెట్‌లో కొత్త విధానానికి దాన్ని 25కు దించారు, పై రేటు 39 అయ్యింది. అంటే అందరికన్నా పై మెట్టు మీద ఉన్నవాళ్ల రేటు ఈ మధ్య తగ్గిందే తప్ప పెరగలేదు. దీని మీద కూడా ఒక ప్రశ్న పెట్టండి: ‘గత కొన్నేండ్లల్ల కోట్లు సంపాదించేటోళ్ల పన్ను పెరిగిందా, తగ్గిందా, అట్లనే ఉందా?’

ఇక మన జిల్లాలకు వద్దాం. ఊళ్లో ‘ఉన్నోళ్లు ఎవరు’ అంటే ముందు మాటకొచ్చేది భూమి అమ్ముకున్నవాడు, ప్లాట్ల వ్యాపారి. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి ఆదాయపు పన్ను చట్టం లెక్కలో మూలధన ఆస్తి, అంటే అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తి, కిందికి రాదు. జనాభా 10 వేల నుంచి లక్ష దాకా ఉన్న దేవరకొండ లాంటి పట్టణానికి సూటి దూరం 2 కిలోమీటర్లు దాటితే చాలు. నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి లక్ష దాటిన పట్టణాలకు 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటిన నగరానికి 8. ఆ హద్దు అవతల సాగులో ఉన్న భూమిని రెండు కోట్లకు అమ్మినా పన్ను సున్నా. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చే పరిహారం మీదా అంతే. పై మెట్టు 30 నుంచి 40కి పెంచండి, 50కి పెంచండి, ఇతనికి ఒక్క రూపాయి తేడా రాదు. ప్లాట్లు చేసి అమ్మే వ్యాపారి సంగతి వేరు, అది వ్యాపార ఆదాయం, పన్ను పడాల్సిందే. కాకపోతే రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారే డబ్బు ఇంకొకటి. అక్కడ కావాల్సింది తనిఖీ, రేటు పెంచితే ఒరిగేది తక్కువ.

మిర్యాలగూడ వైపు పోతే మిల్లరు పేరొస్తుంది. రైస్ మిల్లు భాగస్వామ్య సంస్థగా ఉంటే సంస్థ మీదే 30 శాతం పన్ను, ఆదాయం కోటి దాటితే 12 శాతం సర్‌చార్జి. సంస్థ పన్ను కట్టాక భాగస్వామి చేతికొచ్చే లాభంలో వాటా మీద మళ్లీ పన్ను లేదు. కంపెనీ అయితే 22 శాతం రేటు ఎంచుకోవచ్చు, అన్నీ కలిపి 25.17. వ్యక్తుల శ్లాబులు, అంటే పైన చెప్పిన పన్ను మెట్లు, పెంచినప్పుడు ఈ రెండింటికీ ఏమీ కాదు.

నల్గొండ టౌన్‌లో ప్రాక్టీసు ఉన్న డాక్టరును తీసుకోండి. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే, నగదు 5 శాతం మించకుంటే 75 లక్షల లోపు ఉన్నా, లెక్కల పుస్తకాలు రాయకుండా కనీసం సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టే వీలుంది. రాబడి 50 లక్షలుంటే 25 లక్షల మీద 3,43,200. అదే 50 లక్షలు జీతంగా తీసుకునే ఉద్యోగి సుమారు 11 లక్షలు కడతాడు. డాక్టరుకు ఆస్పత్రి ఖర్చులుంటాయి, నిజమే. అయినా శ్లాబు పెంచితే ఎవరికి ఎక్కువ తగులుతుందో కనబడుతూనే ఉంది. అమెరికాలో ఉండి జీతం తీసుకునే కొడుకు సంగతైతే చెప్పనక్కర లేదు, ఆ జీతం మన పన్ను పరిధిలోనే లేదు.

మిగిలేది టీడీఎస్ పేరుతో జీతంలోంచే పన్ను ముందే కోతపడే జీతగాడు. అతను ఎక్కువగా హైదరాబాద్‌లో ఉంటాడు, ఊరివాళ్ల కండ్ల ముందుకు రాడు. అందుకే మీ ఫారంలో అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది, దీన్ని అసలు ప్రశ్న అయిన వెంటనే అడగాలి:

‘డబ్బున్నోళ్లు అన్నప్పుడు మీకు ఎవరు యాదికొచ్చిన్రు? పేరు చెప్పొద్దు, ఏం పని చేస్తరో చెప్పుండ్రి.’

జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆప్షన్లు చదివి వినిపించొద్దు, వినిపిస్తే మొదటిదో చివరిదో పట్టుకుంటారు. తర్వాత ఆఫీసులో కూర్చుని విడదీయండి: భూమి అమ్మినవాళ్లు, రియల్ ఎస్టేట్, మిల్లర్లు, కాంట్రాక్టర్లు, వైన్స్‌వాళ్లు, డాక్టర్లు, రాజకీయ నాయకులు, పెద్ద రైతులు, ప్రభుత్వ ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్, టీవీలో కనబడే పెద్ద పారిశ్రామికవేత్తలు. విడదీసే పని ఇద్దరు వేర్వేరుగా చేసి పోల్చుకోవాలి. ఇద్దరికీ నూటికి 85 కన్నా తక్కువ కలిస్తే మీ విభాగాలు సరిగా లేనట్టే, మళ్లీ రాసుకోండి.

అసలు ప్రశ్నకు నేనైతే ఈ మాటలు పెడతాను:

‘ఏడాదికి కోటి రూపాయల కన్నా ఎక్కువ సంపాదించేటోళ్ల మీద పన్ను పెంచాలని కొందరంటున్నరు. ఇప్పుడున్నది చాలని కొందరంటున్నరు. తగ్గించాలని కొందరంటున్నరు. మీరేమంటరు?’

మూడు వైపులూ ప్రశ్నలోనే ఉన్నాయి, కాబట్టి తలూపి ఊరుకోవడానికి వీల్లేదు. ‘పెంచాలి, మీరు ఒప్పుకుంటారా?’ అని అడిగితే ఇంటికొచ్చిన చదువుకున్న పిల్లలను నొప్పించడం ఎందుకని చాలామంది ‘ఆ’ అంటారు. మూడింటి వరుస కూడా సగం ఫారాల్లో తిప్పేయండి. ‘నాకు తెల్వదు’ అన్నది నాలుగో జవాబు. చదివి వినిపించొద్దు గానీ చెప్తే తప్పకుండా నమోదు చేయండి. దాన్ని ‘ఇప్పుడున్నది చాలు’లో కలిపేసే అలవాటు చాలా సర్వేల్లో కనబడుతుంది, దాంతో లెక్క అంతా చెడుతుంది.

కోటి అన్న హద్దు ఒక్కటే పెట్టొద్దు. మూడు రకాల ఫారాలు చేయండి: ఒకదాంట్లో 15 లక్షలు, ఒకదాంట్లో కోటి, ఇంకొకదాంట్లో 5 కోట్లు. మిగతా మాటలన్నీ ఒకటే. ఎవరికి ఏ ఫారం అన్నది ఫోన్ యాప్ లాటరీ తీయాలి, అడిగేవాళ్ల ఇష్టానికి వదలొద్దు. వదిలితే చూడ్డానికి ఉన్నోళ్లలా కనబడే ఇంట్లో 5 కోట్ల ఫారమే బయటికి తీస్తారు. 15 లక్షలంటే సీనియర్ లెక్చరరు, బ్యాంకు మేనేజరు. ‘ఉన్నోళ్లు’ అన్న మాట విని పెంచాలన్నవాళ్లలో ఎంతమంది ఈ హద్దు దగ్గర వెనక్కి తగ్గుతారో తెలియడం మీ సర్వేకు దక్కే మంచి ఫలితాల్లో ఒకటి. ఒక్కో ఫారానికి 200 మంది వస్తే, రెండు ఫారాల మధ్య 10 పాయింట్ల లోపు తేడాను తేడాగా చూడొద్దు.

ఇక చింతగింజలు. ‘కోటి సంపాదించేటాయన నూటికి ఎంత కట్టాలె?’ అని నోటితో అడిగితే శాతాలు అలవాటు లేనివాళ్లు ఏదో ఒక అంకె చెప్పేస్తారు. ఇరవై చింతగింజలు ఒక చిన్న సంచిలో పెట్టుకోండి. ఒక్కో గింజ ఐదు రూపాయలు, మొత్తం వంద. నేల మీద కాగితం పరిచి ఇరవై గింజలూ వాళ్ల ముందు పెట్టి ‘ఇది ఆయన సంపాదన. ఇందులకెళ్లి సర్కారుకు ఎన్ని పోవాలె? తీసి ఇటు పెట్టుండ్రి’ అనాలి. చదువు రాని ముసలమ్మ కూడా నింపాదిగా తీసి పెడుతుంది, ఒకటి వెనక్కి తీసుకుంటుంది, ఆలోచిస్తుంది. ఆ ఆలోచనే మీకు కావాలి. అసలు నోట్లు మాత్రం వాడొద్దు. డబ్బులు పంచడానికొచ్చారనో, ఏదో పార్టీవాళ్లనో ఊళ్లో మాట పుడుతుంది.

గింజలు లెక్కపెట్టి రాసుకున్నాక, అప్పుడు చెప్పండి: ‘ఇప్పుడు కోటి సంపాదించేటాయన నూటికి ఇరవై తొమ్మిదిన్నర కడుతున్నడు, అంటే సుమారు ఆరు గింజలు.’ తర్వాత అసలు ప్రశ్నను మళ్లీ అడగండి. మొదటిసారి ‘పెంచాలి’ అని చెప్పి గింజలు మూడే తీసి పెట్టినవాళ్లు ఉంటారు. వాళ్లు పెంచమంటున్నారా, తగ్గించమంటున్నారా? మామూలు సర్వేలో వాళ్లంతా ‘పెంచాలి’ ఖాతాలో పడిపోతారు. పట్టికలో వాళ్లను వేరే వరుసగా చూపించండి. ఈ ఒక్క వరుస కోసమైనా గింజల తిప్పలు పడొచ్చు.

సమాచారం చెప్తే మనసులు మారిపోతాయని మాత్రం ముందే రాసి పెట్టుకోవద్దు. 2015లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో అసమానతల లెక్కలు చూపించాక జనం అసమానత పెద్ద సమస్యేనని ఒప్పుకున్నారు గానీ, ఏం చేయాలన్న దాని మీద అభిప్రాయం కొద్దిగానే కదిలింది. వారసత్వ ఆస్తి పన్ను ఒక్కటే గట్టిగా కదిలింది. 2013 నాటి అర్జెంటీనా పరిశోధనలో తాము మధ్యలో ఉన్నామనుకుని నిజానికి కిందున్నట్టు తెలుసుకున్నవాళ్లు పేదలకు ఎక్కువ పంచాలన్నారు. మన దగ్గర వారసత్వ పన్ను ప్రశ్న పెట్టకపోవడమే మంచిది. ఎస్టేట్ డ్యూటీ పేరుతో ఉన్న ఆ పన్ను 1985లోనే పోయింది, చాలామందికి అది ఉండేదని కూడా తెలియదు. పైగా 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆ మాట మీద రచ్చ జరిగాక, ఆ ప్రశ్నకొచ్చే జవాబు పన్ను మీద అభిప్రాయం కాదు, పార్టీ మీద అభిప్రాయం. సంపద పన్ను (వెల్త్ ట్యాక్స్) గురించి అడగాలంటే అడగొచ్చు. 2015 బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు. 2013–14లో దేశమంతా కలిపి దాని వసూలు 1,008 కోట్లే.

ఎవరు వసూలు చేస్తారన్నది తర్వాతి ముడి. జనం నోట్లో ‘సర్కారు’ ఒక్కటే, ఢిల్లీకీ హైదరాబాద్‌కీ తేడా ఉండదు. ఆదాయపు పన్ను కేంద్రానిది. అసలు రేటు పెంచితే ఆ డబ్బు రాష్ట్రాలతో పంచుకోవాలి. 15వ ఆర్థిక సంఘం లెక్కలో, అంటే 2021–26 మధ్య, రాష్ట్రాల వాటా 41 శాతం, అందులో తెలంగాణది 2.102 శాతం. ఆ లెక్కన వంద రూపాయల్లో మన వాటా సుమారు 86 పైసలు. అదే సర్‌చార్జి పెంచితే రాజ్యాంగం 270, 271 అధికరణాల ప్రకారం పంపకం లేదు, అంతా కేంద్రానికే. పెద్ద ఆదాయాల మీద భారం పెంచాలనుకున్నప్పుడల్లా ఢిల్లీ ఎంచుకునే దారి సర్‌చార్జి. ఈ ముక్క చెప్పి మళ్లీ అడిగితే ‘మరి మాకేమస్తది?’ అన్న మాట వింటారు. దాన్ని కూడా మాటలతో సహా రాసుకోండి.

రాష్ట్రం చేతిలో ఉన్నది వృత్తి పన్ను. నెల జీతం 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200 రూపాయలు. ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగంలోనే ఉంది. 21 వేల జీతం తీసుకునే అటెండరూ, నాలుగు లక్షలు తీసుకునే మేనేజరూ కట్టేది అదే 200. పెద్ద జీతాల మీద మన అసెంబ్లీ తనంతట తాను చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం మాత్రం రాష్ట్రానిదే. తెలంగాణ అలాంటి పన్ను వేయడం లేదు. కాబట్టి ఒక ప్రశ్న ఇలా పెట్టండి: ‘పెద్ద బత్తాయి తోట మీద ఖర్చులన్నీ పోను ఏడాదికి 50 లక్షలు మిగిలే రైతు మీద పన్ను వేయాలా?’ కోటి ఆదాయం మీద తడుముకోకుండా ‘పెంచాలె’ అన్న మనిషి ఇక్కడ ఆగితే, ఎందుకాగాడో అడగండి.

దీనికి జతగా రైతు భరోసా ప్రశ్న ఒకటి ఉండాలి. ఎకరాకు ఏడాదికి 12,000. ‘పదెకరాలు దాటిన వాళ్లకు కూడా ఇవ్వాలా, పదెకరాలకే ఆపాలా?’ పన్ను శ్లాబుల మీద జనం అప్పటికప్పుడు ఆలోచించి చెప్తారు. దీని మీద మాత్రం ఊళ్లో ఏండ్ల తరబడి వాదించుకుని తేల్చుకున్న అభిప్రాయం ఉంటుంది. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఉన్నోళ్ల మీద మాట నిజంగా ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఎంతమంది అన్నదానికి వస్తే, నా సలహా 600. నేరుగా లాటరీ తీసి 600 మందిని అడిగితే తప్పు జరిగే హద్దు అటూఇటూ 4 పాయింట్లు. కానీ మీరు పోలింగ్ కేంద్రాల వారీగా పోతారు, ఒక ఊరివాళ్ల మాటలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఆ నష్టం ఒకటిన్నర రెట్లు అనుకుంటే మీ 600 అసలుకు 400తో సమానం, హద్దు 5 పాయింట్లవుతుంది. కాలేజీ ప్రాజెక్టుకు అది చాలు. 1,067 మందిని అడిగితే 3 పాయింట్లన్న లెక్క చూసి ఆశపడొద్దు, అదీ నేరు లాటరీకే. మనుషులు తక్కువున్నప్పుడు సంఖ్య పెంచితే నాణ్యత పడిపోతుంది.

జిల్లాలో ఆరు నియోజకవర్గాలు: దేవరకొండ, నాగార్జున సాగర్, మిర్యాలగూడ, నల్గొండ, మునుగోడు, నకిరేకల్. అన్నింటి పోలింగ్ కేంద్రాలూ వరుసగా రాసి, పక్కన ఓటర్ల సంఖ్యను కూడుకుంటూ పోండి. మొత్తం 15 లక్షలనుకుంటే 30తో భాగిస్తే 50,000. ఒకటి నుంచి 50,000 లోపు ఒక అంకె లాటరీ తీసి, అక్కడి నుంచి ప్రతి 50 వేలకూ ఏ కేంద్రం తగిలితే దాన్ని తీసుకోండి. 30 కేంద్రాలొస్తాయి. ఒక్కో కేంద్రంలో 900 మంది ఓటర్లుంటే 30 పేర్లు తీయాలి, అంటే ప్రతి ముప్పయ్యో పేరు, మొదలు మళ్లీ లాటరీయే. ముప్పైలో ఇరవై మంది దొరుకుతారన్న అంచనా. జాబితా పీడీఎఫ్‌లు ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతాయి. అవి బొమ్మల్లా ఉంటాయి, వెతకడం కుదరదు, క్రమసంఖ్య చూసి చేత్తో రాసుకోవాలి. తొలగించిన పేర్ల మీద ముద్ర ఉంటుంది, అది వస్తే తర్వాతి పేరు.

పేరున్న మనిషి దొరక్కపోతే పక్కింటాయనను అడగొద్దు. ఇక్కడే సగం సర్వేలు పాడవుతాయి. పగలు ఇంటి దగ్గర దొరికేవాళ్లు ముసలివాళ్లు, పనిలేనివాళ్లు. పనికి పోయినవాళ్లందరినీ పక్కింటివాళ్లతో నింపితే మీది జిల్లా సర్వే కాదు, అరుగుల సర్వే. మూడుసార్లు పోవాలి, అందులో ఒకసారి పొద్దున ఏడు లోపు, ఒకసారి సాయంత్రం ఆరు దాటాక. అప్పటికీ దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాసుకుని, కారణం కూడా రాయండి. దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్ పనులకు పోయినవాళ్లు ఎక్కువ. ఇదే సర్వే మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు చేస్తే వలస ఇంకా పెద్ద సమస్య. అక్కడ సంక్రాంతికో పీర్ల పండుగకో ఊరు నిండినప్పుడు పెట్టుకోవడం మేలు. నల్గొండలో వరి కోతలు, కొనుగోలు కేంద్రాల సీజన్ వదిలేయండి. ఫిబ్రవరి 1 బడ్జెట్‌కు ముందూ వెనకా రెండు వారాలు, ఏ ఎన్నిక నోటిఫికేషన్ అయినా ఉన్న రోజులు కూడా వద్దు.

ఆరుగురు అడిగేవాళ్లుంటే మనిషికి రోజుకు ఎనిమిది ఇంటర్వ్యూల కన్నా ఆశించొద్దు. 600కు పన్నెండు, పదమూడు రోజులు. ఆరుగురిలో ముగ్గురు ఆడపిల్లలు ఉండి తీరాలి. ‘నాకేం తెల్వదు బిడ్డా, మా ఆయన వచ్చినంక అడుగు’ అనే జవాబు మగపిల్లలకు చాలా ఎక్కువగా వస్తుంది. ఆడవాళ్లు అడిగితే, అదీ చింతగింజలతో మొదలుపెడితే, అదే అమ్మ అరగంట మాట్లాడుతుంది. ఓటరు పేరున్న మనిషినే, ఒక్కరినే అడగాలి. హోటల్ దగ్గరో పెద్దమనిషి ముందో అడిగితే ఆ పెద్దమనిషి అభిప్రాయమే ఇరవైసార్లు నమోదవుతుంది.

ఆదాయం ప్రశ్న అన్నింటికన్నా ఆఖర్న. తెల్ల రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం ఊళ్లో లక్షన్నర, టౌన్‌లో రెండు లక్షలు దాటొద్దు. పీఎం కిసాన్ ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు రాదు. ఇంటికొచ్చి పన్ను గురించి, సంపాదన గురించి అడిగే కొత్త మనిషిని చూస్తే కార్డు ఎగిరిపోతుందన్న భయం ముందు పుడుతుంది. రేషన్‌లో సన్నబియ్యం మొదలయ్యాక కార్డు విలువ ఇంకా పెరిగింది. అందుకని మెడలో ట్యాగులు, చేతిలో ట్యాబులు వద్దు, మామూలు ఫోన్ చాలు. కోబోటూల్‌బాక్స్ అన్న సర్వే యాప్ ఉచితం, సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. కాలేజీ ప్రిన్సిపల్ సంతకమున్న తెలుగు ఉత్తరం చూపించి, ఆధార్ నంబరు, రేషన్ కార్డు నంబరు మేం అడగబోమని ముందే చెప్పండి. ఆదాయాన్ని రూపాయల్లో అడగొద్దు. ఇల్లు, బండి, ట్రాక్టరు, ఏసీ, బోర్లు, ఎకరాలు అడిగి మీరే అంచనా వేసుకోండి. ఐటీ రిటర్న్ వేస్తారా అని అడగొచ్చు, కానీ లోన్ కోసం సున్నా రిటర్న్ వేసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ‘వేస్తారు’ అంటే ‘కడతారు’ అని రాసుకోవద్దు.

600 మందిలో కోటి దాటినవాళ్లు ఒక్కరు కూడా పడకపోవచ్చు. కాబట్టి ‘ధనవంతులు ఏమంటున్నారు’ అన్న పట్టిక ఈ సర్వేలోంచి రాదు. అది కావాలంటే డాక్టర్లు, మిల్లర్లు, కాంట్రాక్టర్లు, ఆడిటర్లతో ఒక ఇరవై ముప్పై మందితో విడిగా మాట్లాడి, మాటలుగానే రాయండి. వాటికి శాతాలు కట్టొద్దు.

తిరిగొచ్చిన ఫారాల్లో పదింట ఒకటి, అంటే అరవై, వేరే మనిషి ఫోన్ చేసి సరిచూడాలి. ఇంటర్వ్యూ ఏడు నిమిషాల లోపు ముగిసిందని యాప్ చూపిస్తే ఆ ఫారం అనుమానమే. తర్వాత ఆడ మగ, వయసు, ఊరు టౌను లెక్కలను ఓటరు జాబితాతో, జనాభా లెక్కలతో సరితూచండి, అంటే తక్కువగా దొరికిన రకం వాళ్ల జవాబుకు ఎక్కువ బరువు, ఎక్కువగా దొరికినవాళ్లకు తక్కువ బరువు ఇవ్వండి. ఎవరి జవాబు బరువైనా మూడు దాటితే మూడు దగ్గరే ఆపేయండి.

ఇతర దేశాల అంకెలతో పోల్చాలని మనసు లాగుతుంది. 2024లో ఇప్సోస్ అన్న సర్వే సంస్థ చేసిన ఒక అంతర్జాతీయ సర్వేలో భారతీయుల్లో 74 శాతం మంది బాగా డబ్బున్నవాళ్ల ఆస్తి మీద పన్నుకు ఒప్పుకున్నారని వచ్చింది. అమెరికాలో ప్యూ అన్న పరిశోధన సంస్థ సర్వేల్లో పెద్ద ఆదాయాల మీద రేటు పెంచాలనేవాళ్లు పదిలో ఆరుగురి దగ్గర ఉంటున్నారు. మొదటిది ఆన్‌లైన్‌లో జరిగింది, అలాంటి వాటిలో మన దేశం నుంచి పడేది ఎక్కువగా పట్నాల్లో చదువుకున్నవాళ్లే. రెండోదాంట్లో హద్దు 4 లక్షల డాలర్లు. మీ అంకె పక్కన వీటిని పెట్టి ‘నల్గొండ అమెరికాను మించింది’ అని ప్రెస్ నోట్ ఇవ్వొద్దు.

ప్రెస్ నోట్‌లో ఒక శాతం రాస్తే దాని కిందే ఐదు విషయాలు ఉండాలి: అడిగిన మాటలు యథాతథంగా, హద్దు ఎంతో, ఎప్పుడు ఎంతమందిని అడిగారో, జాబితాలో ఎంతమంది దొరకలేదో, తెలియదన్నవాళ్లు ఎంతమందో. గింజల లెక్క, ‘ఎవరు యాదికొచ్చిన్రు’ పట్టిక మొదటి పేజీలోనే పెట్టండి. విలేకరులు మొదటి పేజీ దాటి చదవరు. ఓటరు క్రమసంఖ్యలున్న కాగితాలను జవాబుల ఫైలుతో కలపొద్దు, సరిచూడడం అయిపోగానే చించేయండి. ఒక్కో కేంద్రంలో ఇరవై మందే కాబట్టి, మిల్లరు మీద కోపంగా మాట్లాడింది ఎవరో ఊళ్లో ఇట్టే పోల్చుకుంటారు.